క్రొత్త పడవ, సాల్మను వేట

గత సెప్టెంబరు మాసాంతమున ఒకనాటి సాయంకాలము, బడి విడిచిన తరువాత, గోపాలపురపు ఒడ్డున నివసించు నోలియా పెద్ద యొకరు మా గదికి వచ్చిరి. ఆయన కుమారుడు మా పాఠశాలలో తెలుగు మాధ్యమమున చదివి, బరంపురమున పై చదువు ముగించి, ఇప్పుడు అమెరికాలోని మిచిగన్ రాష్ట్రమున ఉద్యోగము చేయుచున్నాడు. ఆ కుఱ్ఱవాడు తండ్రికి ఫోనులో ఒక దీర్ఘమైన ఉత్తరమును, నాలుగు ఛాయాచిత్రములను పంపియుండెను. ఉత్తరము తెలుగులిపిలోనే యున్నది. ఎనిమిదవ తరగతిలో మేము ఎఱ్ఱసిరాతో దిద్దిన తప్పులలో కొన్ని నేటికిని అట్లే నిలిచియుండుట చూచి లోలోపల నవ్వుకొంటిమి. తండ్రికి చదువు రాదు. చదివి వినిపింపుడని ఫోను మా చేతికిచ్చిరి.

ఉత్తరములోని సంగతి యిది. ఆ కుఱ్ఱవాడును, అతనితో పనిచేయు మిత్రులు ఇరువురును కలిసి డబ్బు వేసికొని ఒక క్రొత్త పడవను కొనిరి. పదునెనిమిది అడుగుల అల్యూమినియము పడవ. వెనుక భాగమున ఒక పెద్ద ఇంజను, నెమ్మదిగా నడుపుటకు ప్రక్కన మరియొక చిన్న ఇంజను. మొదటి వారము ఫ్రాంక్‌ఫర్ట్ అను చిన్న రేవుపట్టణమునకు పోయి దానిని నీటిలోనికి దింపగా, పది నిమిషములలో చీలమండల దాక నీరు చేరెను. అడుగున నీరు పోవుటకు ఉంచిన రంధ్రమునకు బిరడా బిగించుట ముగ్గురును మరచిరి! పడవను మరల ట్రైలరు బండిమీదికి లాగి, నీరు పారబోసి, సిగ్గుపడి యింటికి వచ్చిరి. రెండవ వారము ఆ యూరివాడే యైన యొక వృద్ధుని వెంటబెట్టుకొని పోయి, నాలుగు గంటలు తిరిగి రెండు సాల్మను చేపలను పట్టిరి. మూడవ వారము తెల్లవారుజామున రేవు చేరిన తరువాత ఆ వృద్ధుడు వాతావరణ సూచన చూచి, నేడు పోరాదనెను. ఇతరుల పడవలు కొన్ని కన్నులయెదుటనే పోవుచున్నవి. కొంత వాదము జరిగెను. తుదకు పడవను దింపకయే, రెండున్నర గంటల దారి వెనుకకు వచ్చిరి.

తండ్రి అంతయు విని, ఫోనులోని చేప చిత్రమును చాలసేపు చూచి, మమ్ము రెండు ప్రశ్నలు వేసిరి.

“ఏటి మాస్టారూ ఇది? అంత డబ్బెట్టి పడవ కొన్నారు, పట్టిన సేపని అమ్మరట! మరెందుకు పట్టడం?” అనునది మొదటిది.

రెండవ ప్రశ్న ఆయన కొంత సేపు ఆగి అడిగిరి. “మేమంటే ఏటకెళ్ళకపోతే ఆ పూట కూడుండదు. గాలి సెడ్డదని తెలిసినా ఒక్కోసారి ఎల్తాం. కూటికి లోటు లేనోళ్ళు, ఆ ఎల్లిన పడవలోళ్ళు, ఎందుకెల్లేరు మాస్టారూ?”

మొదటి ప్రశ్నకు అప్పుడే కొంత సమాధానము చెప్పగలిగితిమి. రెండవదానికి చెప్పలేకపోతిమి. తరువాత పుస్తకములు చూచి తెలిసికొన్నదానిని ఈ సంచికలో తల్లిదండ్రులయెదుట నుంచుచున్నాము. మీలో పలువురి బిడ్డలు దూరదేశములలో నున్నారు. సముద్రపు పని ఎరిగిన కుటుంబములును మన బడిలో తక్కువ కావు.

ముందుగా చేపను గూర్చి. మన తీరమున మాగ యని పిలువబడు చేపను పట్టణపు దుకాణములలో ఇండియన్ సాల్మన్ అను పేర అమ్ముచుందురు. ఆ రెండింటికిని చుట్టరికము లేదు. నిజమైన సాల్మనులలో పసిఫిక్ సముద్రమునకు చెందిన జాతులు కొన్ని కలవు, అందొకటి కోహో. అది కొండవాగులలో గులకరాళ్ళ నడుమ పుట్టి, సుమారు ఏడాదిన్నర మంచినీట పెరిగి, సముద్రమునకు పోయి మరియొక ఏడాదిన్నర బలిసి, పుట్టిన వాగునకే తిరిగి వచ్చి గ్రుడ్లు పెట్టి చనిపోవును. మూడేండ్ల జీవితము. తిరిగి వచ్చునప్పుడు మేత మానివేయును.

ఇట్లు పుట్టినచోటికి వచ్చుట మనకు వింత కాదు. ఋషికుల్య మోయకు ఏటేట గ్రుడ్లు పెట్టుటకు వచ్చు తాబేళ్ళను మన పిల్లలు చూచుచునే యున్నారు. సముద్రములో ఇలసయై యుండి గోదావరి వరదనీటిలో ఎదురీది పులసయగు చేప కథయు మీరెరుగుదురు. ధవళేశ్వరము ఆనకట్ట 1852లో పూర్తియైనది మొదలు ఆ చేపకు పైదారి మూసికొనిపోయినది. అమెరికాలో కొలంబియా నదిపై 1938లో పనిచేయనారంభించిన బోనెవిల్ ఆనకట్టకు చేపలు ఎక్కుటకు మెట్లవంటి తొట్లు కట్టిరి. దానికి చాల ఎగువనున్న గ్రాండ్ కూలీ ఆనకట్టకు అట్టివి కట్టలేదు. దానికి పైనున్న వందలాది మైళ్ళ వాగులలో సాల్మను నాటితో కనుమరుగైనది.

సాల్మను తన వాగును ఎట్లు గుర్తించును? వాసనచేత. విస్కాన్సిన్ విశ్వవిద్యాలయమున ఆర్థర్ హాస్లర్ అను ఆచార్యుడు దీనిని ఏండ్ల తరబడి పరిశోధించెను. 1970 దశకమున ఆయన బృందము కోహో పిల్లలలో కొన్నిటిని ఒక రసాయనపు వాసన గల నీటను, మరి కొన్నిటిని వేరొక రసాయనపు వాసన గల నీటను పెంచి, మిచిగన్ సరస్సులో విడిచిరి. ఏడాదిన్నర గడచినపిదప ఒక వాగులో మొదటి రసాయనమును, మరియొక వాగులో రెండవదానిని చుక్కచుక్కగా కలుపగా, మిక్కిలి ఎక్కువ చేపలు తమ తమ వాసన గల వాగులకే పోయినవి. తొమ్మిదవ తరగతి పిల్లలకు ఈ ప్రయోగమును చెప్పినప్పుడు తరగతి అంతయు నిశ్శబ్దమైనది. అట్లగుట అరుదు.

అయితే పసిఫిక్ సముద్రపు చేప దేశము నడుమ నున్న మిచిగన్ సరస్సులోనికి ఎట్లు వచ్చెను? తండ్రి మొదటి ప్రశ్నకు జవాబు ఇందులోనే యున్నది.

సరస్సు అన్నంతమాత్రమున చిలకవంటిది అనుకొనరాదు. మిచిగన్ సరస్సు నిడివి 300 మైళ్ళు దాటును. వెడల్పు కొన్ని చోట్ల 118 మైళ్ళు. లోతు కొన్నిచోట్ల 900 అడుగులకు మించును. చిలకవంటివి ఏబది కలిపినగాని దాని వైశాల్యము రాదు. నీరు మాత్రము ఉప్పులేనిది. ఆ సరస్సులో పూర్వము లేక్ ట్రౌట్ అను పెద్ద చేప సమృద్ధిగా నుండెడిది. నయాగరా జలపాతమును తప్పించి ఓడలు పోవుటకు త్రవ్విన వెల్లండ్ కాలువగుండ సముద్రపు లాంప్రే అను జలగవంటి జీవి పై సరస్సులలోనికి చేరెను. అది చేపల ఒడలికి అంటుకొని రక్తము పీల్చును. 1936లో మిచిగన్ సరస్సున కానవచ్చిన లాంప్రే, ఇరువది ఏండ్లు నిండకముందే, మనుష్యుల వలలతో కలిసి అచ్చటి ట్రౌటును దాదాపు రూపుమాపినది. అదే దారిని వచ్చినది మరియొకటి, ఏల్‌వైఫ్ అను చిన్నచేప. ఇది మన ఇలసకు దూరపు బంధువు. తినువారు లేక అది లెక్కకు మించి పెరిగి, 1967 వేసవిలో గుట్టలుగా చచ్చి ఒడ్డునకు కొట్టుకొనివచ్చెను. స్నానపు తీరములు కంపుకొట్టి జనులు ముఖము చాటువేసిరి.

దీనికి ముందే, 1964లో మిచిగన్ రాష్ట్రపు మత్స్యశాఖకు అధిపతియైన హోవార్డ్ టానర్ ఒక ఉపాయము పన్నెను. ఏల్‌వైఫును తినునట్టిదియు, గాలమునకు చిక్కి జనులకు వినోదమిచ్చునట్టిదియు నగు చేప కావలెను. ఒరెగాన్ రాష్ట్రము పది లక్షల కోహో గ్రుడ్లనిచ్చెను. వానిని పొదిగించి పెంచి 1966 వసంతమున పిల్లలను విడిచిరి. మిచిగన్ సరస్సులోనికి పోవు ప్లాట్ నదిలోను, బేర్ వాగులోను విడిచినవి ఆరున్నర లక్షలకు పైబడినవి. ఆ సరస్సు వారికి సముద్రము. అంతులేని మేత వాని ముందుండెను. 1967 శరత్కాలమున అవి పెరిగి పెద్దవై ప్లాట్ నది ముఖద్వారము కడకు గుంపులు గుంపులుగా తిరిగి వచ్చినవి.

ఇదియంతయు గాలము వేయు వినోదులకొరకు ఉద్దేశించిన పని. వలవేసి అమ్ముకొనువారి కొరకు కాదు. గాలపు అనుమతితో పట్టిన చేపను అమ్ముట అక్కడ నేరము. రోజుకు మనిషికి ఎన్ని పట్టవచ్చునో అనుమతి పత్రముతోబాటు నిబంధనలలో నుండును. కాబట్టి మన కుఱ్ఱవాడు చేపను అమ్మకపోవుట అతని దొరతనము కాదు, చట్టము. వాని యింట వండుకొని తినుటకు, మిత్రులకు పంచుటకు అడ్డులేదు.

ఇది విని తండ్రి, “మరి అక్కడ వలోళ్ళు ఏటయ్యేరు?” అని అడిగిరి. మంచి ప్రశ్న. రాష్ట్రము వలల వేటను క్రమముగ బిగించుచు వచ్చెను. ఆ తీరముల ఆదివాసులైన ఒటావా, ఒజిబ్వే జనులు తమకు 1836 నాటి ఒడంబడిక వలన చేపల వేటకు హక్కు కలదని న్యాయస్థానమునకు పోగా, 1979లో న్యాయమూర్తి నోయెల్ ఫాక్స్ ఆ హక్కు నేటికిని చెల్లునని తీర్పు చెప్పెను. ఆ కథ వేరొక వ్యాసమునకు తగినంత పెద్దది.

ఇక పడవలో జరుగు పని. కోహో చల్లని నీటిని కోరును. ఇంచుమించు 10 నుండి 13 డిగ్రీల సెంటిగ్రేడు వేడిమి దానికి హితవు. ఎండకాలమున పైనీరు వెచ్చనై, చల్లని పొర లోతునకు దిగును. చేపయు దానితోబాటే దిగును. అందుచేత వేటగాండ్రు నీటి వేడిమిని కొలిచి ఎంత లోతున ఎర నడుపవలెనో నిశ్చయింతురు. పడవ అంచున ఒక చక్రము, దానికి ఉక్కుతీగ, తీగ చివర పది పౌన్ల యినుప లేక సీసపు గుండు. గాలపు దారమును ఆ తీగకు ఒక పట్టుకారుతో తగిలించి లోతునకు దింపుదురు. చేప ఎరను కొట్టగనే పట్టుకారు విడిపోయి, దారము గాలపుకర్రకే మిగులును, గుండు అడ్డురాదు. దీనిని డౌన్‌రిగ్గరు అందురు. పడవ మనిషి చురుకుగా నడచునంతటి వేగముతో, గంటకు రెండు మూడు మైళ్ళు మాత్రమే సాగవలెను. చిన్న ఇంజను ఇందులకే. తళుకు రేకులు నీటిలో తిరుగుచు గాయపడిన ఏల్‌వైఫువలె మెరయును. శరత్కాలమున నదిముఖముల కడకు చేరిన చేప మాత్రము ఒడ్డునకు దగ్గరనే, తక్కువ లోతున దొరకును. ఇది గుర్తుంచుకొనవలెను, చిన్న పడవలవారిని 1967లో ఆకర్షించినది ఇదియే.

పడవ చిత్రములో, చుక్కాని చక్రము ప్రక్కన ఒక చిన్న రేకు ఫలకము కలదు. అదేమని తండ్రి అడిగిరి. ఆ దేశమున ఇరువది అడుగులకు లోబడిన పడవలకు ఎందరు మనుష్యులు, ఎంత బరువు ఎక్కవచ్చునో తెలుపు ఫలకము బిగింపవలెనని చట్టము. తండ్రి నవ్వి, తెప్పకు ఫలకమక్కరలేదనిరి. అది నిజము. తెప్ప దుంగల కూర్పు. అల పైబడినను నీరు దుంగల సందులలోనుండి జారిపోవును, తెప్ప మునుగదు. బోలుగానున్న పడవ అట్లు కాదు. అందులోనికి వచ్చిన నీరు అందులోనే నిలుచును. నిలిచిన నీరు ప్రక్కకు పొరలి పడవను ఒరగించును. ఇంజనుకొరకు వెనుక భాగము తగ్గించి కట్టిన చిన్న పడవలకు వెనుకనుండి వచ్చు అలయే శత్రువు. సరస్సులో అలలు సముద్రపు అలలకంటె దగ్గర దగ్గరగా, నిటారుగా వచ్చును. ఒకదానినుండి తేరుకొనకమునుపే రెండవది మీదబడును. ఒడ్డు చేరినకొలది, లోతు తగ్గి అల విరుగును. మన గోపాలపురపు కెరటములను దాటుట ఎంత విద్యయో మీకు చెప్పనక్కరలేదు. పూర్వము మేకులు లేకుండ కొబ్బరిపీచుతో పలకలు కుట్టిన పడవలను మనవారు వాడినది, ఆ కెరటములలో పడవ విరుగక వంగవలెననియే గదా.

ఇప్పుడు 1967 సెప్టెంబరు 23వ తేదీకి రండు. శనివారము. కోహో వచ్చినదను వార్త పత్రికలలో ప్రాకి, దూరపు పట్టణములనుండి వందలాది జనులు పడవలతో ప్లాట్ అఖాతమునకు వచ్చియుండిరి. అంతకుముందు చిన్న చెరువులలో తిరిగిన పడవలే అందెక్కువ. ఆ చేపకొరకే క్రొత్తగా కొన్నవియు కలవు. రేవు చాలక ఇసుక ఒడ్డునుండియే నెట్టుకొని నీటిలోనికి దిగిరి. చిన్న పడవలకు హెచ్చరిక ఆనాడు వెలువడియే యుండెను. దానిని పలువురు లెక్కచేయలేదు. కన్నులయెదుట పది పౌన్ల చేపలు ఎగురుచుండగా ఎవరు జెండా చూతురు? గాలి ఒక్కసారిగా లేచెను. సరస్సు మీదుగా, అడ్డులేని నీటిపై వచ్చిన గాలి ఆ అఖాతములోనికి అలలను త్రోసెను. అందరును ఒకేసారి ఒడ్డునకు తిరిగిరి. విరుగుచున్న కెరటములలో పడవలు నిండి, తల్లక్రిందులై, ఒకదానిపై నొకటి పడినవి. ఏడుగురు మరణించిరి.

వారెవరును కూటికి పోయినవారు కారు. తండ్రి రెండవ ప్రశ్నకు మేము వెదకిన సమాధానము ఈ ఒడ్డున దొరకునేమో యని ఆలోచించితిమి. మాకు తోచినది చెప్పెదము. దూరమునుండి వచ్చినవానికి ఆ దినము మరల రాదు. సోమవారము పనిలో నుండవలెను. పడవకు పెట్టిన డబ్బు కన్నులయెదుట నున్నది. చేప ఋతువు కొద్దివారములే. ప్రక్కపడవ పోవుచున్నది గనుక మనమును పోవచ్చునను ధైర్యము ఒకటి. వెంట వచ్చిన మిత్రులయెదుట మొదట ‘వద్దు’ అను మాట అనుటకు సంకోచము మరియొకటి. మా అభిప్రాయమున ఈ చివరిదే అన్నిటికంటె బలమైనది. నోలియాకు ఇంటిలో ఆకలి తోయును; వినోదికి ప్రక్కవాని చూపు తోయును. రెండును గాలికి లెక్కలేదు.

ఈనాడు ఆ సరస్సుపై గాలి 22 నాట్లు దాటునని గాని, అలలు నాలుగడుగులు దాటునని గాని తోచినప్పుడు చిన్న పడవలకు హెచ్చరిక వెలువరింతురు. అది ఫోనులోనే వచ్చును. మన రేవులలో తుపాను సూచికల సంఖ్యలు ఎగురవేయుట మీరెరుగుదురు. 2013 అక్టోబరు 12న ఫైలిన్ తుపాను గోపాలపురము కడనే తీరము దాటినప్పుడు, ముందుగా లక్షలాది జనులను తరలించుటచేత ఎన్ని ప్రాణములు నిలిచినవో ఈ జిల్లావారికి చెప్పవలసిన పనిలేదు. అయినను హెచ్చరిక వచ్చుట వేరు, రేవువరకు వచ్చినవాడు వెనుకకు తిరుగుట వేరు. ఇంకొక మాట. ఆ సరస్సు నీరు చల్లనిది. ఈత వచ్చినవానికిని చల్లని నీటిలో పడగానే ఊపిరి ఎగబీల్చును, కొలది నిమిషములలో వ్రేళ్ళు పట్టు తప్పును. అప్పుడు లైఫ్ జాకెట్టు తొడుగుకొనుట సాధ్యము కాదు. పడవ ఎక్కుటకు ముందే తొడుగవలెను. ఛాయాచిత్రములలో మన కుఱ్ఱవాడు దానిని తొడిగియే యున్నాడు. మిత్రుడొకడు మాత్రము దానిని కూర్చుండు చోట మెత్తగా పరచుకొన్నాడు.

సాల్మను కథయు సాఫీగా సాగలేదు. 1967లో కోహోతోబాటు విడువనారంభించిన చినూక్ అను పెద్ద సాల్మను 1980 దశకాంతమున వ్యాధిచేత విరివిగా చచ్చినది. ప్రక్కనున్న హ్యూరన్ సరస్సులో 2000 తరువాత ఏల్‌వైఫు తరిగిపోగా, దానిని తిని బ్రతుకు చినూకును తరిగెను. మేతకు మించి చేపను విడువరాదని ఇప్పుడు లెక్కకట్టి విడుచుచున్నారు.

ఇదియంతయు మరునాటి వారము ఆ తండ్రికి విశదముగ చెప్పితిమి. ప్లాట్ అఖాతపు సంగతి విని ఆయన చాలసేపు మాటాడలేదు. కుఱ్ఱవాని ఉత్తరపు చివరి భాగమును మరల చదువుమనిరి. అందులో ఇట్లున్నది: మూడవ వారము వారు వెనుకకు తిరిగిన దినమున, పోయిన పడవలన్నియు క్షేమముగనే తిరిగివచ్చినవట, కొన్నిటికి నాలుగైదు చేపలు కూడ దొరికినవట. అందుచేత ఒక మిత్రుడు ఆ వృద్ధునిపై ఇంకను కినుకతో నున్నాడట. వచ్చు వారము వృద్ధుని పిలువకుండ పోవుదమని అనుచున్నాడట. ఏమి చేయవలెనని కుఱ్ఱవాడు తండ్రిని అడిగియున్నాడు.

జవాబు వ్రాయుటకు మేము కలము తీసితిమి. తండ్రి చెప్పగా వ్రాసినది మూడు వాక్యములే. ఆ ముసలాయనను పిలువకుండ పోవద్దు. ఆయనకు మన ఊరి ఎండుచేపలు పంపించెదను, ఏ చిరునామాకు పంపవలెనో వ్రాయుము. ఆ బిరడాకు తాడు కట్టి, ఇంజను తాళపుచెవికి ముడివేసి ఉంచుము.